లాకు వదిలి వచ్చుంటే

మృగశిర, మొదటి రోజు

బల్ల మీద మళ్ళీ ఉప్పు పేరుకుంది. తూర్పుగాలి తిరిగిందంటే ఇంతే. కిటికీలు ఎంత బిగించినా సముద్రం ఏదో ఒక సందు వెతుక్కుంటుంది. తడిగుడ్డతో ఓసారి, పొడిగుడ్డతో ఓసారి తుడిచాను. ఈ ఒకవేళ గదిని కరకట్ట మీద అంత ఎత్తున కట్టినవాళ్ళు నీళ్ళ గురించి ఆలోచించారు గానీ, ఎక్కేవాళ్ళ మోకాళ్ళ గురించి ఆలోచించలేదు. వారం నుంచి నా ఎడమ మోకాలు మెట్టు మెట్టుకీ నన్ను తిడుతోంది.

చేపల రేవు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇంటి పెద్దాయన పాము కరిచి పోయాడు. ఇవాళ పదకొండో రోజు. ఆయన మణికట్టు పూసను కొడుకు గుడ్డలో చుట్టి తెచ్చాడు. దాన్ని బల్ల గూటిలో పెట్టి, అడగాల్సింది పైకి, అందరూ వినేలా అడగమన్నాను. ఒక్కటే మార్చాలని, మిగతావన్నీ జరిగినవి జరిగినట్టే ఉంటాయని ఎప్పటిలాగే గుర్తు చేశాను. మంత్రగాడి దగ్గర ఆగకుండా నేరుగా ఆసుపత్రికి పడవ ఎక్కించి ఉంటే ఏమయ్యేదని ఆ అబ్బాయి అడిగాడు.

బల్ల వెలిగింది. దాని మీద నాగులమెట్ట మొత్తం బొమ్మల కొలువులా లేచి నిలబడింది. ఆ రోజు ఎవరు ఎక్కడున్నారో, గాలి ఎటు వీచిందో, కాలువలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో పుట్టినప్పటి నుంచి మణికట్టున ఉండే అందరి పూసలూ గుర్తు పెట్టుకుంటాయి. జానెడు పడవ వేలెడంత ముసలాయనతో బయలుదేరింది. ఎదురుపోటు. ఆసుపత్రి రేవు కనబడుతుండగా ఆయన తల వాల్చేశాడు. కొడుకు భోరున ఏడ్చి, కాసేపటికి లేచి ముఖం కడుక్కున్నాడు. ఇక పూసను కాలువలో వదిలేసి, ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించుకుంటారు. జవాబు వినేదాకా చావు ఇంట్లో పొయ్యి వెలగకూడదు. అప్పటిదాకా చుట్టాలే అన్నం పంపాలి. అది మా ఊరి పద్ధతి.

జవాబు చాలావరకు ఇలాగే ఉంటుంది. ఏం చేసినా పోయేవాడే అని. పక్క ఊళ్ళవాళ్ళు గతజల సేతుబంధనం అని మమ్మల్ని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. వాళ్ళ ఊళ్ళో అయితే ఆ కొడుకు బతికినన్నాళ్ళూ కుమిలేవాడు. మా ఊళ్ళో పదకొండు రోజులు కుమిలి, అన్నం తింటాడు.

బల్ల ఆ రోజు పొద్దు గుంకేదాకానే చూపిస్తుంది. ఆపై నడపాలనుకుంటే నడుస్తుంది గానీ, అక్కణ్ణించి అది లెక్క కాదు, ఊహ. చావు ప్రశ్నల్ని అలా నడపకూడదని కట్ట సంఘం నియమం.

పని ముగిశాక చూస్తే బ్యాటరీ సగానికి దిగి ఉంది. ఒక్క ప్రశ్నకు అంత దిగదు.

మృగశిర, చివరి రోజు

మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. నిన్నటి వానకు నా మోకాలు మాత్రం మూలిగింది.

బడి పిల్లలు చరిత్ర పాఠానికి వచ్చారు. వాళ్ళకు పొద్దు గుంకే నియమం లేదు. చూసేది ఊహ అని ముందే చెప్పి చూపిస్తాం. ఒక చిన్నది, పేరు రుక్సానా, లేచి నిలబడి మన ముత్తాతలు మడ అడవుల్ని నరక్కుండా ఉంచి ఉంటే ఏమయ్యేదని అడిగింది. బల్ల మీద పాత తీరం పరుచుకుంది. సముద్రం ఎక్కడో దూరాన ఉంది. మడ చెట్లు, వాటి వెనక వరిచేలు, కరకట్ట లేదు, లాకు లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత ఎవరిల్లు వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఇళ్ళు లేవు. వాళ్ళూ లేరు. మా నానమ్మ ఏదని రుక్సానా అడిగితే, సముద్రం రాకపోతే వాళ్ళ నానమ్మ అమ్మానాన్నలు ఈ మెట్టకు వలస వచ్చేవాళ్ళు కాదని, ఒకరినొకరు చూసుకునేవాళ్ళే కాదని చెప్పాను.

"మరి నేను లేకపోతే ఇది ఎవరు అడిగినట్టు?" అంది.

మాస్టారు, అత్తకు మీసాలుంటే మామ అనేవాళ్ళం అని పిల్లల్ని నవ్వించి బయటికి తోలుకుపోయారు. నేనూ నవ్వాను గానీ ఆ పిల్ల మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

బ్యాటరీ ఇవాళ సగం కన్నా తక్కువ. బ్యాటరీని నింపే ఆటుపోట్ల చక్రానికి గుల్లలు పట్టి ఉంటాయి. లాకు దగ్గర పోతురాజుకు చెప్పాలి.

ఆరుద్ర, నాలుగో రోజు

గదిలో పొద్దుటి పూట నాది, మధ్యాహ్నం నుంచి నా చెల్లెలు నాంచారిది. నేను దిగేటప్పుడు క్యారేజీ దానికి ఇచ్చి దిగుతాను. రెండో క్యారేజీ లాకు దగ్గర దాని మొగుడు పోతురాజుకు. ముందటేడాది స్వాతి ఉప్పెన నుంచి ఈ రెండు క్యారేజీలూ మోస్తూనే ఉన్నాను. వాళ్ళింట్లో పొయ్యి వెలగక అన్నాళ్ళయింది.

పోతురాజు లాకు లస్కరు. కాలువ మీది తలుపులు ఎత్తడం, దించడం అతని పని. లస్కరు ఇల్లు కరకట్టకు అవతల, సముద్రం వైపు, లాకుకు కూతవేటు దూరంలో ఉండేది. ఆ మధ్యాహ్నం ఉప్పెన చెప్పిన వేళకన్నా ముందే వచ్చింది. కరెంటు పోయింది. తలుపుల్ని చేతి చక్రం తిప్పి దించాలి. నాలుగేళ్ళ ముత్యాలు ఇంట్లో నిద్రపోతోంది. నాంచారి ఇక్కడ డ్యూటీలో ఉంది. పోతురాజు చక్రం వదల్లేదు. తలుపులు దిగాయి, ఊరు మిగిలింది. ఇల్లు మిగల్లేదు, పిల్లా మిగల్లేదు. నేను పల్లపు వీధిలో నా గదిలో జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మధ్యలో ఓసారి లేచి మంచినీళ్ళు తాగి మళ్ళీ పడుకున్నట్టు గుర్తు. నాకేమీ తెలియలేదు.

ఊరు అతనికి శాలువా కప్పింది. అది లాకు గదిలో మేకుకు వేలాడుతోంది. అతను కప్పుకోగా నేను చూడలేదు.

పదకొండో రోజున ఇద్దరూ ఈ గదికి వచ్చారు. పిల్ల పూస నాంచారి గుప్పిట్లో ఉంది. అడగాల్సింది తండ్రి. అతను బల్ల ముందు నిలబడి నిలబడి, తన వల్ల కాదని దిగిపోయాడు. తర్వాతెప్పుడో లాకు దగ్గర క్యారేజీ విప్పుతూ నాతో అన్నాడు.

"బతికేది అంటే నేను బతకలేను వదినా. బతికేది కాదంటే, అట్టాంటప్పుడు ఒక్క అడుగన్నా పిల్ల వైపు ఎయ్యలేదే అని బతకలేను. రెండిట్లో ఏది ఇనమంటావ్?"

నేను ఎందరికో జవాబులు చూపించినదాన్ని. అతనికి మాత్రం పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగి వచ్చేశాను.

ఇవాళ అతను చక్రం విప్పి గుల్లలు గీకాడు. సాయంత్రం వచ్చి, చక్రంలో ఏ లోపమూ లేదని చెప్పాడు. నీళ్ళు నింపేది నింపుతూనే ఉన్నాయట, ఎవరో తాగేస్తున్నారట. కరెంటు గురించే అన్నాడు.

పునర్వసు, రెండో రోజు

ఇవాళ జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది.

రాఘవమ్మ వచ్చింది. మొగుడు పడవ బోల్తాపడి పోయాడు. వెంట ఇద్దరు ఆడపిల్లలు. తాను ఆ పూట ఉప్పు తెమ్మని పంపకుండా ఉంటే ఏమయ్యేదని అడిగింది. బల్ల మీద ఆమె మొగుడు గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగించాడు. అంతలో బల్ల ఆరిపోయింది. బ్యాటరీలో చుక్క లేదు.

ఆమె చీకటి బల్ల వంక అలాగే చూస్తూ కూర్చుంది. రేపు రమ్మన్నాను. రేపటిదాకా పొయ్యి వెలిగించకూడదు గదా అని పెద్దపిల్ల అంది. చుట్టాలంతా అవతలి లంకలో ఉన్నారట, పంపేవాళ్ళు లేరు. రెండు క్యారేజీలూ వాళ్ళకే ఇచ్చేశాను. నాంచారికి, పోతురాజుకు అటుకులు నానబెట్టి బెల్లం కలిపి పంపాను.

నా చేతి కింద ఈ గదిలో ఎప్పుడూ ఇలా జరగలేదు. రేపు మధ్యాహ్నం కూడా ఇక్కడే ఉండి ఈ కరెంటు ఎటు పోతోందో తేలుస్తాను.

పునర్వసు, మూడో రోజు

తేలింది.

పొద్దున రాఘవమ్మకు జవాబు వచ్చింది. ఆ సాయంత్రమే గుమ్మంలో గుండె పట్టుకుని ఒరిగేవాడట. ఉప్పుకు పంపినా పంపకపోయినా ఒకటే. ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చి, పిల్లల్ని తీసుకుని వెళ్ళింది. నాంచారి వచ్చాక దిగిపోయినట్టు దిగి, కాసేపు కింద మెట్టు మీద కూర్చుని మళ్ళీ ఎక్కాను.

తలుపు తోస్తే నాంచారి బల్ల మీదికి వంగి ఉంది. ఎవరితోనో మాట్లాడుతోంది. ముడి గట్టిగా లాగాలే, నాన్న చూపించినట్టు లాగాలే అంటోంది. ఆ గొంతు నేను రెండేళ్ళుగా వినలేదు.

బల్ల మీద కరకట్ట అంచున వేలెడంత పోతురాజు వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన రెండు జడల పిల్ల. ఆరేళ్ళుంటాయి. మొదట గుర్తుపట్టలేదు. తర్వాత ఆ పిల్ల కుడిచెయ్యి అడ్డంపెట్టి ముక్కు తుడుచుకుంది. అలా తుడుచుకునేది మా ఇంటి మొత్తంలో ఒక్కతే. పోతురాజు ఏదో అని పకపకా నవ్వాడు. మనిషి ఒళ్ళు చేశాడు. నేనూ అన్నీ మర్చిపోయి వంగి చూడసాగాను. నియమాలు, బ్యాటరీ, రాఘవమ్మ, ఏవీ గుర్తు రాలేదు. పిల్ల పెరిగింది. ఎంత పెరిగిందో.

వాళ్ళిల్లు ఇప్పుడు మెట్ట మీద ఉంది. తలుపు తీసే ఉంది. లోపలి గోడకు ఒక ఫోటో, ఫోటోకు దండ. ఎవరా అని ఇంకాస్త వంగాను. అది నా ఫోటో, పడవ ఎక్కేటప్పుడు చూపించే కార్డు మీది. ఎండకు కళ్ళు చికిలించి దిగింది.

ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నావని అడిగాను. పదకొండో రోజు మర్నాటి నుంచి అని చెప్పింది. ఆయన అడగలేకపోయింది తానే అడిగిందట, ఒంటరిగా. లాకు వదిలి ఇంటికి పరిగెత్తి ఉంటే అని. పొద్దు గుంకింది. పిల్ల తండ్రి భుజాల మీద ఉంది. ఆపబుద్ధి కాలేదు. మర్నాడూ ఆపలేదు. ఊహ పెరిగేకొద్దీ ఈమధ్య కరెంటు ఎక్కువ తాగుతోందట.

"నేను పోయానని తెలుసా?" అన్నాను.

"తెలుసక్కా. మొదటి రోజే తెలుసు. లాకు తలుపులు దిగకపోతే ముందు మునిగేది పల్లపు వీధే గదా."

దిగివచ్చేశాను. మెట్లు దిగుతుంటే మోకాలు నొప్పి కూడా తెలియలేదు.

పుష్యమి, మొదటి రోజు

నాంచారితో మాట్లాడటం లేదు. క్యారేజీలు మాత్రం మోస్తున్నాను. కడుపు మాడ్చి సాధించడం నాకు చేతకాదు.

కోపం ఎక్కడుందో వెతుక్కుంటే ఇక్కడ దొరికింది. ఇది రోజూ నేను వండిన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, నేను చచ్చిపోయిన ఊరికి వెళ్ళి కూర్చునేది. సాయంత్రం తిరిగొచ్చి, రేపు పులుసు పెట్టక్కా అనేది. రెండేళ్ళు ఇలా. మా అమ్మ పోయినప్పుడు దానికి పదేళ్ళు. జుట్టు దువ్వింది నేను, పెళ్ళి చేసింది నేను, పురుడు పోసింది నేను. ముత్యాలు నా చేతుల్లోనే మొదట ఏడ్చింది. పిల్ల బతకడానికి నీ ప్రాణం ఇస్తావా అని నన్ను అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో. నన్నెవరూ అడగలేదు.

ఆపై ఇంకొకటి కూడా గుచ్చుతోంది. ఆ ఊళ్ళో వాళ్ళు ముగ్గురూ సుఖంగా ఉన్నారు. ఫోటోకు దండ వేసి, వలలు బాగుచేసుకుంటూ నవ్వుకుంటున్నారు. నేను లేని లోటు ఆ బల్ల మీద ఎక్కడా కనబడలేదు.

పుష్యమి, తొమ్మిదో రోజు

ఇవాళ మాట్లాడాను. ఉప్పు తుడుస్తూ, బల్ల వైపే చూస్తూ మాట్లాడాను. ఆ పొద్దు గుంకేదాకా చూసింది లెక్క అని, ఆపై చూస్తున్నదంతా బల్ల అల్లిన ఊహ అని చెప్పాను. నాలుగేళ్ళ పూసలోంచి ఆరేళ్ళ పిల్లను అల్లింది. ఆ జడలు ఊహ, ఆ నవ్వు ఊహ. అది ముత్యాలు కాదు.

"నా పిల్ల నాకు ఊహలో కూడా దొరక్కూడదా అక్కా?" అంది.

ఆ తర్వాత అదే చెప్పుకొచ్చింది. తాను నన్ను చంపుకోలేదట. వేరే ఏదీ మార్చలేదట. ఆయన పరిగెత్తితే ఏమయ్యేదో అడిగింది, మిగతాదంతా బల్లే తెచ్చిపెట్టింది. ఫోటో వైపు చూడకుండా ఉండటం అలవాటు చేసుకుందట. అక్కడ తనను తాను కూడా చూసుకోదట. మధ్యాహ్నం పూట అక్కడి నాంచారి ఎలాగూ డ్యూటీకి వెళ్ళిపోతుంది, పిల్ల తండ్రి దగ్గర ఉంటుంది, బల్ల చూపు పిల్ల వెంటే తిరుగుతుందట. పోతురాజుకు అక్కడ లాకు పని లేదు. తలుపులు వదిలేసి పరిగెత్తాడని సంఘం తీసేసింది. ఊళ్ళో సగంమంది ముఖం చూడరు. అయినా నవ్వుతాడక్కా అంది.

నేను దాన్ని తిట్టాలనే వెళ్ళాను. తిట్టలేకపోయాను. పిల్ల ఇవాళ ఏం తిందని అడిగాను. తనకు తెలియదంది, తాను చూసే వేళకు పిల్ల ఎప్పుడూ ఆటలోనే ఉంటుందట.

ఆశ్లేష, మూడో రోజు

కట్ట సంఘం పెద్ద దస్తగిరి గారు వచ్చారు. మెట్లెక్కి ఆయాసపడుతుంటే నాకు లోలోపల కాస్త సంతోషం కలిగింది. మంచినీళ్ళు ఇచ్చాను. మఖ కార్తె మొదటి రోజు నుంచి బల్ల ఉప్పెన కాపలాకే ఉండాలని చెప్పారు. ముందటేడాది ఉప్పెన చెప్పిన వేళ తప్పింది కాబట్టి ఈసారి గాలినీ నీళ్ళనూ రాత్రింబవళ్ళు లెక్క కట్టాలి. బ్యాటరీ ఏ పొద్దునైనా నిండుగా కనబడాలి. పాత ప్రశ్నలేవైనా బల్లలో మిగిలి ఉంటే చెరిపేయమన్నారు. ఏదీ లేదు కదమ్మా అని అడిగారు. చెరిపేస్తామని చెప్పాను.

ఒకసారి ఆపితే మళ్ళీ అదే పిల్ల రాదు. ఊహను మొదటి నుంచి అల్లితే ఇంకో తీరుగా అల్లుకుంటుంది. జడలు ఉండకపోవచ్చు, ముక్కు అలా తుడుచుకోకపోవచ్చు. ఇది నాకు తెలుసు, నాంచారికి నాకన్నా బాగా తెలుసు.

సాయంత్రం చెప్పాను. మఖ దాకా గడువుంది గదక్కా అంది. చెయ్యి మాత్రం బల్ల అడుగున ఎవరూ వాడని పాత గూటి మీద పెట్టుకుని ఉంది, ఇన్నాళ్ళూ నా కంటపడకుండా పిల్ల పూస అందులోనే ఉంది. నేను ఆపేస్తే నన్ను జన్మలో క్షమించదు. ఆపకపోతే ఈసారి ఉప్పెన ఎవరి పిల్లను అడుగుతుందో. రాఘవమ్మ ఆడపిల్లలిద్దరూ ఇప్పుడు పల్లపు వీధిలోనే ఉంటున్నారు, నా పక్కింట్లో.

ఆశ్లేష, చివరి రోజు

ఇవాళ మధ్యాహ్నం నేనూ ఉన్నాను. నాంచారే ఉండమంది. ఆఖరిసారి ఒక్కతే చూడలేనని అంది. నేను దాని పక్కన బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నాను.

బల్ల మీద మబ్బు పట్టి ఉంది. పోతురాజు వల మడిచి పెట్టాడు. ముత్యాలు గవ్వలు ఏరుకుంటూ కాసేపు తిరిగి, తండ్రి దగ్గరికి వచ్చి ఆకలేస్తోందంది. అతను బుట్టలో వెతికాడు, ఏమీ లేదు. మీ అమ్మ దగ్గరికి పో, గదిలో ఉంటది అన్నాడు. పిల్ల కరకట్ట మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే బల్ల పిల్ల వెంట వెళ్ళింది. నాంచారి ఒక్క క్షణం గూటి వైపు చెయ్యి చాపి, మళ్ళీ తీసేసుకుంది. చూద్దాం అంది.

అక్కడి గది మా గదిలాగే ఉంది. బల్ల మీద ఉప్పు పేరుకుంది, తుడిచినవాళ్ళు లేరు. అక్కడి నాంచారి ఆ బల్ల మీదికి వంగి ఉంది. చిక్కిపోయింది. ఆ బల్ల మీద ఆవగింజంత ఊరు వెలుగుతోంది. అందులో ఏముందో ఇక్కణ్ణించి నా కళ్ళకు ఆనలేదు. మాట మాత్రం వినబడింది.

"మెల్లిగా దిగక్కా. మోకాలు ఇంకా తగ్గలేదా? కర్పూరం నూనె రాయమంటే ఇనవు గదా నువ్వు."

అక్కడ అది అడిగిన ప్రశ్న మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన లాకు వదలకుండా ఉండి ఉంటే అక్క బతికేదా అని అడిగి ఉంటుంది. పొద్దు గుంకాక ఆపబుద్ధి కాక ఉంటుంది. నేను లేని లోటు కనబడలేదని ఏడ్చాను. లోటంతా అక్కడి గదిలో కూర్చుని ఉంది. నేను చూడలేదు, అంతే.

ముత్యాలు వెళ్ళి తల్లి కొంగు పట్టుకుంది. అమ్మా ఆకలి అంది. ఉండవే అంది తల్లి, తల తిప్పకుండా. పిల్ల ఇంకోసారి లాగింది. తల్లి కొంగు విడిపించుకుంది. పిల్ల ఏడవలేదు. అలవాటే అన్నట్టు వెళ్ళి గుమ్మంలో కూర్చుని గడప మీది ఉప్పును గోటితో గీకి నాకసాగింది. వాళ్ళింట్లో కూడా పొయ్యి వెలగలేదు. నా చావుకు జవాబు విని ముగిస్తే కదా వెలిగేది. మరి అక్కడ క్యారేజీ మోసే అక్క కూడా లేదు.

"అది పిల్లను చూట్టం లేదక్కా," అంది నాంచారి. తర్వాత బల్ల అంచు పట్టుకుని, వేలెడంత తనను తాను బతిమాలింది. ఒసే, పిల్ల ఆకలంటోంది, ఇటు తిరగవే, పక్కనే ఉంది గదే అని. అక్కడి నాంచారికి ఇది వినబడదు. అది తన ఆవగింజంత అక్కతో మాట్లాడుతూనే ఉంది.

నాంచారి నా వైపు తిరిగింది. నన్ను, నా చాపిన కాలును, కింద పెట్టిన క్యారేజీని చూసింది. ఇన్నాళ్ళకు చూసింది. అప్పుడు గూటిలోంచి పూసను తానే తీసింది. ముత్యాలు, గడప, ఉప్పు, అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. అది నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను దాని తల మీద చెయ్యి వేసి ఏడ్చాను. ఆ పిల్ల ఊహే అని దానికి చెప్పింది నేనే. అయినా ఊహ ఆకలితో కూర్చుని ఉండగా దీపం ఆర్పినట్టే ఉంది నాకు.

పోతురాజును పిలిపించాం. తడిసిన కాళ్ళతో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. నాంచారి పూసను అతని చేతిలో పెట్టి, అడుగు అంది. అతను నా వంక చూశాడు. నేను తల ఊపాను. బల్ల వెలిగించలేదు.

"నేను లాకు వదిలి వచ్చుంటే?" అన్నాడు. ముగ్గురం విన్నాం.

"బతికేది," అంది నాంచారి. "అక్క పోయేది. పల్లపు వీధి పోయేది. నేను అక్క కోసం ఇక్కడే కూర్చుని పిల్లకు అన్నం పెట్టేదాన్ని కాదు."

అతను గోడకు ఆనుకుని కిందికి జారాడు. ఈ జవాబు తర్వాత బతకలేనన్నాడు ఒకప్పుడు. బతుకుతాడో లేదో నాకు తెలియదు. చీకటి పడకముందే లేచి, ముఖం కడుక్కుని, పూసను గుప్పిట్లో పెట్టుకుని లాకు దగ్గరికి నడిచాడు. తలుపు జానెడు ఎత్తాడు. పూస నీళ్ళతో పాటు దాని కింద నుంచి సముద్రం వైపు వెళ్ళిపోయింది. తలుపు దించి, చక్రం బిగించాడు.

ఉప్పెన తర్వాత సంఘం ఇచ్చిన వాళ్ళింట్లో కట్టెలు చెమ్మపట్టి ఉన్నాయి. పొయ్యి ఓ పట్టాన అంటుకోలేదు. ఇల్లంతా పొగ కమ్మింది, ఆ సాకున ముగ్గురం ఇంకాస్త ఏడ్చాం. అన్నం అడుగంటింది. నాంచారి ముందు నాకే వడ్డించింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసింది.

"మోకాలు ఎట్టా ఉందక్కా?" అంది.

తగ్గలేదన్నాను. కర్పూరం నూనె సీసా తెచ్చింది.

మఖ, మొదటి రోజు

పొద్దున్నే గది తెరిచాను. బల్ల మీద ఉప్పు తుడిచాను. బ్యాటరీ నిండుగా ఉంది. దాని వంక చూస్తూ చాలాసేపు ఏడ్చి, ఉప్పెన లెక్క మొదలుపెట్టాను.